అండమాన్ వెళ్లండి, అప్పు చేసి మాత్రం వద్దు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారికి హార్డ్‌వేర్ షాపు. ఇద్దరిదీ కలిపి నెలకు 70 వేలు వస్తాయి. 5 వేల చీటీ వాయిదాతో కలిపి ఇంటి ఖర్చు 45 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ 11 వేలు, పాప పేరున సుకన్య సమృద్ధికి 2 వేలు పోగా 12 వేలు మిగులుతాయి. బ్యాంకులో 60 వేలున్నాయి. లక్ష రూపాయల చీటీ ఫిబ్రవరిలో చేతికొస్తుంది. పాప పదో తరగతి, బాబు ఆరు. ఈ డిసెంబరులో అండమాన్ వెళ్దామని పిల్లలు పట్టుబట్టారు, నాకూ చాలా ఏళ్లుగా ఉన్న కోరికే. బరంపురంలో ఒక ట్రావెల్ ఏజెంటు నలుగురికి ఐదు రాత్రులకు 1,68,000 అన్నాడు. మా 60 వేలు కడితే మిగతాదానికి 1,10,000 పర్సనల్ లోన్ తనే ఇప్పిస్తాడట. 14 శాతం వడ్డీ, రెండేళ్ల గడువు, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు. 5 వేలు అడ్వాన్సు ఇచ్చాం. మా అత్తగారేమో "గోపాలపూర్‌లో లేని సముద్రం అక్కడేం ఉంది" అంటున్నారు. మావారు బీపీ మాత్ర వేసుకుంటారు. మేం వెళ్లొచ్చా? వెళ్తే అక్కడ వేటికి డబ్బు పెట్టాలి, వేటిని వదిలేయాలి?

జవాబు: వెళ్లొచ్చమ్మా. నెలకు 12 వేలు మిగుల్చుకుంటున్న ఇల్లు మీది. పిల్లలు మీతో కలిసి ఊళ్లు తిరగాలనుకునే వయసు ఇంకో రెండు మూడేళ్లే ఉంటుంది. ఆ తర్వాత కాలేజీలు, హాస్టళ్లు. కాబట్టి వెళ్లడం దుబారా అని నేను అనను. కానీ డిసెంబరులో వద్దు, ఆ లోన్ వద్దు, ఆ ప్యాకేజీ అసలే వద్దు.

ముందు లోన్ సంగతి చూద్దాం. 1,10,000కి 14 శాతం చొప్పున రెండేళ్లంటే ఈఎంఐ దాదాపు 5,280 పడుతుంది. మొత్తం కట్టేది 1,26,750, అంటే వడ్డీయే 16,750. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపితే ఇంకో 2,600. సుమారు 19 వేలు చేతులు మారతాయి, దానికి బదులు మీకు ఒక్క వస్తువూ రాదు. ఈ మొత్తాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది. ఇంకో సంగతి గమనించారా? డిసెంబరులో మొదలయ్యే రెండేళ్ల ఈఎంఐ పాప ప్లస్ టూ చదివే కాలంలో చాలా భాగం నడుస్తుంది. అడ్మిషన్, పుస్తకాలు, కోచింగ్, హాస్టల్ ఖర్చు, అన్నీ వచ్చిపడే రోజుల్లో ఐదు రోజుల సరదాకి ప్రతి నెలా ఐదు వేలు కడుతూ కూర్చోవాలి. మీకు మిగిలే 12 వేలు అప్పుడు 7 వేలకు దిగిపోతాయి.

బ్యాంకులో ఉన్న 60 వేలను అసలు ముట్టుకోకండి. మీ ఇంటి నెల ఖర్చు, ఈఎంఐ కలిపితే 56 వేలు. అంటే అది ఒక్క నెలకు సరిపడే ఆసరా. నిజానికి అలాంటివి మూడైనా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు లేక, రోడ్లు తెగి, చేతిలో నగదు లేనివాళ్లు ఎన్ని పాట్లు పడ్డారో మీకు నేను చెప్పనక్కర్లేదు. షాపు మీద బతికే ఇంటికి ఆ 60 వేలే ధైర్యం.

ఇక మీరు ఫొటో తీసి పంపిన కొటేషన్. నేను దాన్ని పై నుంచి కింది దాకా చదివాను. సీ వ్యూ రూము, పూల అలంకరణ, కేకు, బీచ్‌లో క్యాండిల్ లైట్ డిన్నర్, ప్రతిచోటా సొంత కారు, పర్లాకిమిడి నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి కూడా కారు. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాలతో మూడు ముక్కలున్నాయి: మధ్యాహ్న భోజనం అదనం, ఎంట్రీ టికెట్లు అదనం, వాటర్ యాక్టివిటీస్ అదనం. పిల్లలు దేనికోసం అండమాన్ అంటున్నారో అదంతా ఈ మూడో ముక్కలో ఉంది. మీరు చెల్లించే 1,68,000లో నీళ్లలో దిగడానికి ఒక్క రూపాయి లేదు. భోజనాలకు 8 వేలు, నీటి సరదాలకు, టికెట్లకు 21 వేలు, లోన్ ఖర్చు 19 వేలు కలపండి. 2,16,000 అవుతుంది. దీనికి ఏడు రోజులు షాపు మూస్తే పోయే ఆదాయం అదనం. షాపు వల్ల నెలకు 40 వేలు వస్తున్నాయనుకుంటే అది 9 వేల పైమాటే. వ్యాపారం చేసుకునేవాళ్లు టూరు లెక్క వేసేటప్పుడు ఈ ఖర్చును దాదాపు ఎవరూ రాసుకోరు. మీరు రాసుకోండి.

అందుకే నేను ఎవరికైనా ఇదే చెప్తాను. హోటలు కంటే ముందు, విమానం కంటే ముందు, అక్కడ ఏం చేయాలనుకుంటున్నారో నలుగురూ కూర్చుని రాసుకోండి. వాటికి డబ్బు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో రూము, తిండి, ప్రయాణం సర్దుకోండి. ప్యాకేజీలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. రూముకీ కారుకీ డబ్బంతా అయిపోయి, తీరా సముద్రం దగ్గర నిలబడ్డాక "స్కూబా మనిషికి నాలుగు వేలట, వద్దులే" అనుకుని ఒడ్డున ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఇది చూసి నాకు నిజంగా బాధ కలుగుతుంది. లక్షన్నర పెట్టి వెళ్లి నాలుగు వేల దగ్గర ఆగిపోవడం ఏమిటి?

మీ అత్తగారి మాటను తీసిపారేయకండి, అందులో మంచి కొలత ఉంది. గోపాలపూర్‌లోనో ఋషికొండలోనో దొరికేదానికి అండమాన్ దాకా వెళ్లి డబ్బు పెట్టకూడదు. జెట్ స్కీ, స్పీడ్ బోటు లాంటివి విశాఖలో ఉన్నాయి. కాబట్టి అక్కడ అవి కొట్టేయండి. గోపాలపూర్ ఇవ్వలేనివి ఏమిటి? అక్కడ కెరటం పెద్దది, లోపలి లాగుడు ఎక్కువ, నీళ్లలో ఇసుక. మోకాళ్ల లోతు దాటితే భయమే. అండమాన్‌లో పగడపు దిబ్బలున్నాయి, అడుగు కనిపించేంత తేటగా నీళ్లుంటాయి. డబ్బు పెట్టాల్సింది వాటికి.

మొదటిది స్కూబా. హేవ్‌లాక్ దీవిలో (2018లో దీని పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు) డైవ్ సెంటర్లు చాలా ఉన్నాయి. ఈత రాకపోయినా ఫర్వాలేదు. ఒక్కొక్కరికి ఒక్కో శిక్షకుడు పక్కనే ఉండి, ముందు లోతు తక్కువ నీళ్లలో ఊపిరి తీయడం నేర్పి, ఆ తర్వాత దింపుతారు. ఒడ్డు నుంచి చేసే డైవ్‌కి మనిషికి 4 వేలు అనుకుని పెట్టుకోండి. సాధారణంగా పదేళ్లు దాటినవాళ్లను తీసుకుంటారు, బాబు వయసు బుకింగ్ అప్పుడే చెప్పి అడగండి. దిగేముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపిస్తారు. బీపీ మాత్ర సంగతి అందులో దాచకూడదు. మీవారు ఇక్కడే డాక్టరును అడిగి, రాసిచ్చిన కాగితం తీసుకెళ్లాలి. డాక్టరు వద్దంటే మానేయాలి, అందులో మొహమాటం లేదు. అందుకే ముగ్గురికే లెక్క వేశాను, 12 వేలు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 19 వేలు ఇక్కడికి పనికొస్తుంది. బ్యాంకుకి పోయే ఆ డబ్బుతో నలుగురూ సముద్రం అడుగు చూసి రావచ్చు.

ఒక జాగ్రత్త. స్కూబా చేశాక కనీసం 18 గంటల దాకా విమానం ఎక్కకపోవడం మంచిది, అంటే మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. మీ ఏజెంటు ప్లాన్‌లో వాటర్ యాక్టివిటీస్‌కి పెట్టిన టైము ఆఖరి సాయంత్రం. మర్నాడు పొద్దున్నే విమానం! అలా పెట్టుకుంటే స్కూబా మానుకోవాలి, లేదా ప్రమాదానికి ఎదురెళ్లాలి. హేవ్‌లాక్ చేరిన మర్నాడే డైవ్ పెట్టుకోండి. ఆ రోజు గాలి ఎక్కువై ఆపేసినా ఇంకో పొద్దు చేతిలో ఉంటుంది.

రెండోది స్నోర్కెలింగ్. హేవ్‌లాక్ జెట్టీ నుంచి పడవలో ఎలిఫెంట్ బీచ్ తీసుకెళ్తారు. లైఫ్ జాకెట్ వేసి, కళ్లకు మాస్కు పెట్టి, నోట్లో గొట్టంతో నీటి మీద బోర్లా పడుకోబెడతారు. తల ముంచగానే కింద పగడాలు, రంగురంగుల చేపలు. మీవారికి డాక్టరు స్కూబా వద్దన్నా, దీనికి సరేనంటే ఇది నలుగురూ కలిసి చేయొచ్చు. పడవతో కలిపి నలుగురికీ 5 వేలు పెట్టుకోండి. పగడాల మీద కాలు పెట్టనివ్వకండి. పగడపు ముక్క గానీ చచ్చిపోయిన పెద్ద గవ్వ గానీ సంచిలో వేసుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో సామాను చూస్తారు.

రాత్రిపూట కయాకింగ్ అని ఇంకొకటుంది. చీకటి రాత్రుల్లో మడ చెట్ల మధ్య నీళ్లలో తెడ్డు వేస్తే నీలి మెరుపు లేస్తుంది. నీళ్లలోని కంటికి కనిపించని జీవులు కదిలినప్పుడల్లా అలా వెలుగుతాయి. అమావాస్యకు అటూ ఇటూ బాగుంటుంది, వెన్నెల ఉంటే వృథా. దీన్ని నేను లెక్కలో చేర్చలేదు. మీకు గానీ పాపకు గానీ స్కూబా భయమైతే ఆ డబ్బు దీనికి వాడుకోండి. రెండూ కావాలంటే మాత్రం బడ్జెట్ దాటుతుంది.

డబ్బు అక్కర్లేనివి కూడా తక్కువ కాదు. రాధానగర్ బీచ్‌లో పొద్దు గూకడం, కాలాపత్తర్ దగ్గర పొద్దు పొడవడం రెండూ ఉచితం. అక్కడ పొద్దు మనకంటే చాలా ముందు, మార్చిలో అయితే సాయంత్రం ఐదున్నర అటూ ఇటూ గూకుతుంది. అందుకని రోజును తెల్లవారుజామునే మొదలుపెట్టండి. పొద్దెక్కి లేచేవాళ్లకు అక్కడ సగం రోజు పోయినట్టే.

పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అన్నారు) సెల్యులార్ జైలుకు ఒక పూట ఇవ్వండి. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టిన జైలది. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి, బతికి బయటపడి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. పదో తరగతి చదువుతున్న పిల్లకు ఆ గదుల ముందు నిలబడి ఈ కథ చెప్పండి. పాత ఇరవై రూపాయల నోటు ఇంట్లో ఉంటే బాబు చేతికివ్వండి, దాని వెనకాల బొమ్మలో ఉన్నది అక్కడి నార్త్ బే లైట్‌హౌస్ వైపు దృశ్యమే. వీటికి, చిన్న పడవలకు, టికెట్లకు కలిపి 4 వేలు.

బారాటాంగ్ గుహలు మీ కొటేషన్‌లో ఉన్నాయి, తీసేయించండి. తెల్లవారుజామున లేచి, జారవా తెగవాళ్ల అడవి గుండా కాన్వాయ్‌లో పోయి, ఒక రోజంతా ప్రయాణంలోనే గడపాలి. అక్కడి మనుషులను చూడ్డానికన్నట్టు ఆ దారిన పోవడం నాకు నచ్చదు. గుహల పేరుతో మీకయ్యే కారు ఖర్చూ ఎక్కువే. నీల్ దీవి బాగుంటుంది గానీ ఐదు రాత్రుల్లో మూడు చోట్లకు పరిగెత్తితే ఫెర్రీ టికెట్లకే డబ్బు పోతుంది. హేవ్‌లాక్‌లో మూడు, పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు చాలు.

ఇప్పుడు ఎప్పుడు వెళ్లాలో చెప్తాను. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ విమానం, రూము, ఫెర్రీ అన్నీ ఏడాదిలోకెల్లా ఖరీదు. పైగా ఫిబ్రవరిలో పాపకు మెట్రిక్ పరీక్షలు పెట్టుకుని డిసెంబరులో వారం రోజులు తిరిగితే, అక్కడ ఉన్నంతసేపూ మీకే టెన్షన్. పాప పరీక్షలయ్యాక, బాబువి కూడా అవగానే మార్చి ఆఖర్లో గానీ ఏప్రిల్ మొదట్లో గానీ వెళ్లండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. మే సగం దాటితే వానలు.

డబ్బు కూడబెట్టడానికి ఈ ఆగస్టు నుంచి జనవరి దాకా నెలకు 12 వేలు చొప్పున ఆరు నెలల బ్యాంకు ఆర్‌డీ వేయండి. పోస్టాఫీసు ఆర్‌డీ వద్దు, అది ఐదేళ్ల గడువుది. బ్యాంకులో 72 వేలు, ఆ పైన వెయ్యికి పైగా వడ్డీ వస్తాయి. ఫిబ్రవరి మొదట్లో అది చేతికి రాగానే విమానం టికెట్లు కొనండి. ఫిబ్రవరి, మార్చి మిగుళ్లు 24 వేలు. చీటీ లక్షలో 40 వేలు టూరుకి, 60 వేలు పాప ప్లస్ టూ అడ్మిషన్‌కి. ఆ 60 వేలను అదే రోజు పాప చదువు పేరున ఎఫ్‌డీ వేసేయండి, లేకపోతే టూరులో కరిగిపోతుంది. చీటీ అయిపోయాక వాయిదా 5 వేలు ఎలాగూ మిగులుతుంది, అది కూడా చదువుకే. అంటే టూరుకి మీ చేతిలో ఉండేది 1,37,000.

ఖర్చు ఇలా చూసుకోండి. విమానాలకు 60 వేలు. నలుగురు పట్టే శుభ్రమైన ఫ్యామిలీ రూము రాత్రికి 3,500 చొప్పున 17,500. రోజంతా బయటే ఉండే మీకు సీ వ్యూ ఎందుకు? హేవ్‌లాక్‌కి రానుపోను ఫెర్రీ 11 వేలు, ప్రభుత్వ ఫెర్రీలో సీటు దొరికితే ఇది బాగా తగ్గుతుంది. భోజనాలు 11 వేలు, అక్కడి ఆటోలు, కార్లు 7 వేలు. నీళ్ల సరదాలు, టికెట్లు 21 వేలు. గుణుపురం–విశాఖ రైలు మీ ఊరి మీదుగానే పోతుంది, కాబట్టి 9 వేల కారు మానేసి ముందురోజే రైల్లో వెళ్లి విశాఖలో ఒక రాత్రి ఉండండి, మొత్తం 3,500. అన్నీ కలిపి 1,31,000. మిగిలిన 6 వేలు అత్యవసరానికి. హేవ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, ఫోన్ సిగ్నల్ కూడా ఒక్కోసారి సరిగా ఉండదు. అందుకని ఫోన్ పేనే నమ్ముకోకుండా కొంత నగదు తీసుకెళ్లండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు స్కూబాకు వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి, చాలా పాలసీలు సాహస క్రీడలను పక్కన పెడతాయి.

టికెట్లు కొనబోయేనాటికి నలుగురికీ రానుపోను 66 వేలు దాటితే మాత్రం ఆగిపోండి. ఆ పైన పెట్టే ప్రతి వెయ్యీ పాప ఎఫ్‌డీలోంచే తీయాల్సి వస్తుంది. అప్పుడు మార్చిలోనే మన తీరం చూపించండి. రంభలో రెండు రాత్రులుండి పడవలో చిలికా తిరగండి. ఋషికుల్యా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చిల్లో సముద్రపు తాబేళ్లు వేలకువేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, కొన్నేళ్లు రావు కూడా. గోపాలపూర్‌లో వేట పడవల మీద బతికే నోలియాలు మనలాగే తెలుగు మాట్లాడతారు. తాబేళ్లు వచ్చాయా, సముద్రం ఎలా ఉంది అని వాళ్లను అడిగితే సరైన కబురు చెప్తారు. అటు నుంచి ఋషికొండ. మొత్తం 25 వేలల్లో అయిపోతుంది, అత్తగారు కూడా మీతో రాగలరు. మిగతా అండమాన్ డబ్బు ఆ పై ఏడాదికి అలాగే ఉంటుంది.

ఇక మీరు ఇచ్చిన 5 వేల అడ్వాన్సు. ఏజెంటుకు ఈ వారమే వాట్సాప్‌లో రాసి పంపండి, ఫోన్లో చెప్పి ఊరుకోకండి. డిసెంబరు రద్దు, మార్చి ఆఖరుకు ఫెర్రీ టికెట్లు, రూము మాత్రం చేసిపెడితే ఈ అడ్వాన్సును అందులో సర్దుకోమనండి. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకూ రద్దీ తగ్గిన రోజుల్లో బేరం కావాలి. ఒప్పుకోకపోతే రసీదు మీద రద్దు నిబంధన ఏముందో చదివి, వచ్చినంత వెనక్కి తీసుకోండి. ఏమీ రాకపోయినా సరే, ఆ 5 వేలు పోతాయనే భయంతో లోన్ కాగితాల మీద మాత్రం సంతకం పెట్టకండి.